గూడు బండి నుంచి ట్రాక్టర్ ట్రక్కు దాకా: చేతులు మారిన చక్రాల కథ

ఈమధ్య రీల్స్‌లో చూసే ఉంటారు. అమెరికా వాళ్లు కారు వెనకాల చిన్న పెట్టె లాంటి ట్రైలర్ తగిలించుకుని అడవికి వెళ్లిపోతారు. వెనక వైపు వాలుగా ఉంటుంది, తలుపు ఎత్తితే వంటగది, లోపల ఇద్దరు పడుకునే చోటు. 1930లలో అక్కడ డబ్బుల్లేని రోజుల్లో చాలామంది ఇలాంటి చిన్న ట్రైలర్లను ఇంట్లోనే చేసుకున్నారు. నాలుగేళ్లు వాడి ఇంకొకరికి అమ్మేయడం అక్కడ మామూలే.

"మన దగ్గర ఇలాంటివి ఎక్కడివి?" అంటారా? ఉండేవి. మీ తాతయ్యని అడగండి, గూడు బండి అంటాడు.

వెదురు తడికలు వంచి, పైన చాప కప్పి, కింద వరిగడ్డి పరిచి పైన దుప్పటి వేస్తే అదే బెడ్‌రూమ్. బండి కింద లాంతరు, వెనకాల నీళ్ల కుండ. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకి పల్లెలన్నీ ఈ బండ్ల మీదే కదిలేవి. ఎడ్లని విప్పి, బండి పక్కనే మూడు రాళ్ల పొయ్యి పెట్టి అన్నం వండుకునేవాళ్లు. పిల్లలు గూట్లో, పెద్దలు బండి కింద పడుకునేవాళ్లు. మనం ఇప్పుడు క్యాంపింగ్ అంటున్నది అదే కదా!

ఈ బండికి ఇంజిన్ ఒంగోలు ఎడ్లు. బ్రెజిల్‌లో ఇవాళ నెలోర్ అని పిలిచే పశువులు ఈ జాతి నుంచి వచ్చినవే. ఆ పేరు మన నెల్లూరుదే.

ఇప్పుడు అసలు విషయం, అమ్మకం. బండి పాతబడితే ఎవరూ పారేసేవాళ్లు కాదు. చక్రాల జత ఒకరికి, ఇరుసు ఇంకొకరికి, కాడి మరొకరికి వెళ్లేది. నల్లతుమ్మతో చేసిన చక్రం బాగుంటే, దాని మీద ఒక బండి పోయి ఇంకో బండి వచ్చేది. కొనేవాడు రంగు చూసేవాడు కాదు. చక్రం తిప్పి ఆకులు కదులుతున్నాయా, ఇనప పట్టా వదులైందా, ఇరుసు అరిగిందా అని చూసేవాడు. సంతలో ఎడ్ల బేరమైతే కండువా కింద వేళ్లు పట్టుకునే తేల్చేసేవాళ్లు. కాగితం లేదు, సంతకం లేదు. పెద్దమనిషి మాటే రసీదు.

తర్వాత రబ్బరు టైరు బండి వచ్చింది. సన్నటి ఇనప పట్టా చక్రం వాన పడితే నల్లరేగడిలో దిగబడిపోయేది. టైరు బండి వచ్చాక అవే ఎడ్లు ఎక్కువ బరువు లాగాయి. 1967లో నాగార్జున సాగర్ కాలవల్లోకి నీళ్లు వదిలారు. సాగు పెరిగింది, మెల్లగా ట్రాక్టర్లు వచ్చాయి. ట్రాక్టర్ వెనకాల ఇనప తొట్టి, మనం ట్రక్కు అంటామే, అది వచ్చింది. ఎడ్ల బండి దొడ్డి మూలకి చేరింది.

ఫిబ్రవరి, మార్చిలో గుంటూరు మిర్చి యార్డు వైపు వెళ్లి చూడండి, టిక్కీలు నింపుకున్న బండ్లే బండ్లు. కర్నూలు పడమటి ఊళ్ల నుంచి కాయ కోతకి వచ్చే కుటుంబాలు చేల పక్కన పట్టాల గుడారాల్లో ఉంటాయి. ఆ గుడారం వాళ్లకి సరదా కాదు, బతుకుతెరువు. క్యాంపింగ్ అన్న మాట వాడేటప్పుడు ఇది కూడా గుర్తుంచుకోవాలి.

సరే, బండి మారింది. కానీ అమ్మే అలవాటు మారలేదు. ఇక్కడే దెబ్బ తింటున్నాం. ట్రాక్టర్ ట్రక్కుని కూడా చాలామంది పాత బండి లాగానే అమ్మేస్తారు: "మనోడే కదా, కాగితాలు తర్వాత చూద్దాంలే బాబాయ్" అని.

ఎడ్ల బండికి రిజిస్ట్రేషన్ లేదు. ట్రైలర్‌కి ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రాక్టర్‌కి ఒక నంబరు, ట్రైలర్‌కి వేరే నంబరు. అమ్మేవాళ్లు ఫారం 29, కొనేవాళ్లు ఫారం 30 ఇచ్చి పేరు మార్పించుకోవాలి.

మార్చకపోతే ఏమవుతుంది? 2018లో సుప్రీంకోర్టు ముందుకి ఒక కారు కేసు వచ్చింది. ఆ కారు ఒకరి తర్వాత ఒకరికి చేతులు మారింది గానీ రిజిస్ట్రేషన్‌లో మొదటి మనిషి పేరే ఉంది. యాక్సిడెంట్ జరిగింది. నష్టపరిహారం విషయంలో రిజిస్ట్రేషన్‌లో పేరున్న మనిషే యజమాని అని కోర్టు తేల్చింది. ఎప్పుడో అమ్మేశానన్నా లాభం లేకపోయింది.

మన ఊరికి ఇది అన్వయించుకోండి. మీ నాన్న ఐదేళ్ల కింద అమ్మేసిన ట్రక్కు, రాత్రి పూట వెనక లైటు లేకుండా రోడ్డు మీద ఆగితే, బైకు మీద వచ్చే కుర్రాడికి ఏమైనా అయితే, నోటీసు ఎవరింటికి వస్తుంది?

కాబట్టి పాత ట్రక్కు కొంటున్నారా? తాతయ్య చూసినట్టే ఇరుసు చూడండి, చక్రం చూడండి, అడుగు రేకు తుప్పు పట్టిందేమో చూడండి. తర్వాత ఆయనకి అవసరం పడని పని ఒకటి చేయండి: ఆర్‌సీలో నంబరు, పేరు చూడండి, ట్రాక్టర్ ఇన్సూరెన్స్‌లో ట్రక్కు కూడా ఉందో లేదో అడగండి. అమ్ముతున్నారా? పేరు మారే దాకా అది మీదే అనుకోండి.

ఆ రోజుల్లో ఊరంతా ఎవరి బండి ఎవరిదో తెలుసు, అందుకే మాట సరిపోయింది. ఇప్పుడు హైవే మీద మనల్ని ఎవరూ ఎరగరు. మన తరఫున మాట్లాడేది ఆ కాగితం ఒక్కటే.

మీ దొడ్డిలో పాత బండి చక్రం ఏదైనా మిగిలి ఉంటే, పాత సామాను వాడికి వేసేముందు ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఉంటాను, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.