పొదుపు సంఘాలు: ఇంటి లెక్కల చరిత్ర

పొదుపు సంఘం అంటే ఒకే ఊళ్లో, ఇరుగుపొరుగున ఉండే పది నుంచి ఇరవై మంది మహిళలు నెలనెలా కొంత సొమ్ము కూడబెట్టి, అందులోంచే ఒకరికొకరు అప్పు ఇచ్చుకునే బృందం. జనం వాడుకలో ఇదే డ్వాక్రా సంఘం. ఆదాయం, ఖర్చు, పొదుపు, అప్పు, వడ్డీ అనే ఐదు విషయాలు ఎన్నో పేద తెలుగు ఇళ్లలో నోటి లెక్కలు దాటి పుస్తకంలోకి ఎక్కింది ఈ సంఘాల వల్లే.

అంతకు ముందు పల్లెల్లో దాచుకోవడానికి చీటీలు, అక్కరకు వడ్డీ వ్యాపారులు ఉండేవారు. చీటీలో తొందర ఉన్నవారు పాటలో ఎక్కువ తగ్గించుకుని సొమ్ము తీసుకోవాలి. వ్యాపారి దగ్గర వడ్డీ నెలకు నూటికి ఇన్ని రూపాయలని మాట. వినడానికి చిన్నగానే ఉంటుంది. కానీ రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36 శాతం.

గ్రామీణ మహిళలు, పిల్లల అభివృద్ధి కోసం కేంద్ర ప్రభుత్వం 1982లో యునిసెఫ్ తోడ్పాటుతో డ్వాక్రా పథకాన్ని ప్రారంభించింది. మహిళలను బృందాలుగా చేర్చి ఉపాధి చూపడం దాని ఉద్దేశం. దానికి పొదుపు ఊపు తెచ్చింది ఆంధ్రప్రదేశ్‌లోని నెల్లూరు జిల్లా.

అక్కడ 1990ల తొలి ఏళ్లలో సాక్షరతా ఉద్యమం బలంగా సాగింది. చదువు నేర్చుకోవడానికి కూడిన మహిళలు సంసారాలను గుల్ల చేస్తున్న సారా గురించి మాట్లాడుకున్నారు. దూబగుంట గ్రామంలో రాజుకున్న సారా వ్యతిరేక పోరాటం 1992లో రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం రాష్ట్రంలో సారాను నిషేధించింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలితే దాన్ని నిలబెట్టేదెలా? దానికి జవాబుగా వచ్చింది ‘పొదుపు లక్ష్మి’. రోజుకో రూపాయి, నెలకు ముప్పై. పదిహేను మంది ఉన్న సంఘంలో ఏడాదికి 5,400 రూపాయలు పోగవుతాయి. ఖర్చులు పోగా మిగిలింది దాచుకోవడం కాకుండా, ముందు దాచి మిగిలిన దానితో ఇల్లు గడపడం ఇక్కడ అలవాటైంది.

1992లోనే జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు (నాబార్డు) 500 సంఘాలతో ప్రయోగాత్మకంగా బ్యాంకు అనుసంధానం మొదలుపెట్టింది. తాకట్టు అడగకుండా, సంఘం పొదుపునూ క్రమశిక్షణనూ చూసి బ్యాంకు అప్పిస్తుంది. ఆ క్రమశిక్షణకే పంచసూత్రాలని పేరు: క్రమం తప్పని సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాల చెల్లింపు, సరైన పుస్తకాలు. అంతర్గత అప్పు మీద వచ్చే వడ్డీ బయటికి పోదు, సంఘం నిధికే చేరుతుంది.

2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో ‘వెలుగు’ ప్రాజెక్టు ఆరు వెనుకబడిన జిల్లాల్లో మొదలైంది. దాన్ని నడపడానికి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఏర్పడింది. సంఘాలు గ్రామ సంఘాలుగా, అవి మండల సమాఖ్యలుగా కూడాయి. ప్రతి ఇంటి రాబడి, ఖర్చు, పాత బాకీలు, రాబోయే అవసరాలు రాసుకుని అప్పు ఎంత కావాలో, దేనికో తేల్చే సూక్ష్మ రుణ ప్రణాళిక ఈ దశలోనే పల్లెలకు చేరింది. అది పేరుకు రుణపత్రమైనా, నిజానికి కుటుంబ బడ్జెట్టే. తర్వాత వచ్చిన పావలా వడ్డీ పథకంలో సకాలంలో కట్టినవారిపై వడ్డీ భారం ఏడాదికి 3 శాతానికి తగ్గింది.

ఇదే కాలంలో ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు ఊళ్లలోకి దిగాయి. వీటి దగ్గర పొదుపు ఊసు లేదు, వారం వారం వాయిదా కట్టాల్సిందే. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పివ్వడంతో ఒక అప్పు తీర్చడానికి మరో అప్పు చేయాల్సి వచ్చింది. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల నేపథ్యంలో 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వాటిని కట్టడి చేసింది. ఆదాయానికి మించిన వాయిదా ఎంత ప్రమాదమో తెలుగు పల్లెలు ప్రాణాలు పోగొట్టుకుని తెలుసుకున్నాయి. అత్యవసరానికి త్వరగా అప్పు అందించేందుకు 2011లో సంఘాల భాగస్వామ్యంతో ‘స్త్రీనిధి’ ఏర్పాటైంది.

అదే ఏడాది కేంద్రం ప్రారంభించిన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌కు ఆంధ్రప్రదేశ్ అనుభవం ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి. 2014లో రాష్ట్రం విడిపోయాక రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పల్లెల్లోని సంఘాల బాధ్యతను సెర్ప్, పట్టణాల్లోని వాటిని పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ (మెప్మా) చూస్తున్నాయి.