అరకు కాఫీ – హాజరు పట్టీ లెక్కలు

మన ఆఫీసుల్లో ఏడాదికోసారి ఆన్‌లైన్ ట్రైనింగ్ ఉంటుంది కదా. నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోతే చివర్లో సర్టిఫికెట్ వచ్చేస్తుంది. హెచ్చార్ లెక్కలో నూటికి నూరు శాతం పూర్తి. ఏం నేర్చుకున్నావని మాత్రం ఎవరూ అడగరు. మేధో సంపత్తి హక్కుల గురించి చిన్న వ్యాపారులకీ, రైతులకీ పెట్టే అవగాహన సదస్సుల్నీ ఇలాగే లెక్కేస్తున్నామేమో అని నా అనుమానం. అరకు కాఫీ కథ చదివాక అది ఇంకా బలపడింది.

తూర్పు కనుమలకి కాఫీని తెచ్చింది ఇంగ్లీషువాళ్ళు. 1898లో పాములేరు లోయలో నాటారు. 1920ల్లో జయపురం మహారాజు అనంతగిరి, చింతపల్లి ప్రాంతాల్లో వేయించాడు. 1960ల్లో అటవీ శాఖ తోటలు పెంచింది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ 1970ల్లో రంగంలోకి దిగాక గానీ గిరిజన రైతు సొంతంగా కాఫీ వేసుకోవడం ఊపందుకోలేదు. అంటే తోట చేతికి రావడానికే సుమారు ముప్పావు శతాబ్దం పట్టింది.

మరి పేరు? భౌగోళిక గుర్తింపు (జీఐ) చట్టం 1999లో వచ్చింది, 2003లో అమల్లోకి వచ్చింది. మొదట్లోనే జీఐ సంపాదించిన వాటిలో మన పోచంపల్లి ఇక్కత్ ఒకటి. అక్కడ అడిగింది నేతగాళ్ళ సంఘం. అరకు అరబికాకి 2019 మార్చిలో వచ్చింది. ఇక్కడ అడిగింది బెంగుళూరులోని కాఫీ బోర్డు. తప్పని అనను. కానీ పేరు తెచ్చుకోవడానికి తిరిగినవాడికి దాని విలువ చెప్పక్కర్లేదు. ఎవరో తెచ్చిచ్చినప్పుడే సదస్సులు అవసరమవుతాయి.

ఇంకో మెలిక ఉంది. జీఐ రాగానే ప్రతి రైతుకీ హక్కు వచ్చేయదు. చెన్నైలోని రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు చేసుకోవాలి. ఆ దరఖాస్తు ఫీజుని 2020లో 500 రూపాయల నుంచి 10కి తగ్గించారు. కాబట్టి అడ్డం ఫీజు కాదు. అలాంటిదొకటి ఉందని తెలియకపోవడమే అడ్డం.

ప్రభుత్వం అవగాహన కల్పించట్లేదా అంటే, కల్పిస్తోంది. 2021 డిసెంబరులో విద్యార్థుల కోసం మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం 10 లక్షల లక్ష్యాన్ని 2022 జూలై 31కల్లా దాటేసింది. ఖచ్చితంగా 10,05,272 మంది! మెచ్చుకోవాల్సిందే. కాకపోతే అది కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ లెక్క. రాసిన కోడ్ లైన్లు లెక్కపెట్టి ప్రాజెక్టు అయిపోయిందనడం లాంటిది.

అరకులో నేనైతే ఇవి లెక్కపెడతాను: సదస్సు జరిగిన ఏడాది తర్వాత ఎంతమంది నమోదయ్యారు? సొంతంగా పొడి కొట్టి అమ్మే మహిళా సంఘాల్లో ఎన్ని ఆ గుర్తు వాడుతున్నాయి? నకిలీ ప్యాకెట్ల మీద ఎన్ని ఫిర్యాదులు వెళ్ళాయి? సదస్సు తెలుగులోనే జరిగిందా, ఆదివాసీ ఒడియాలో కూడా చెప్పారా?

ధర ఒక్కటే చూస్తే మోసపోతాం. 2025 ఫిబ్రవరిలో ప్రపంచ మార్కెట్లో అరబికా పౌను 4 డాలర్లు దాటింది. దానికి ముఖ్య కారణం బ్రెజిల్ కరువు. ఆ ఏడాది మన్యంలో రేటు పెరిగితే అది జీఐ మహిమా, సదస్సు మహిమా, బ్రెజిల్ మహిమా? తేలాలంటే సదస్సుకి ముందే లెక్క రాసుకోవాలి. సదస్సు జరగని పక్క ఊళ్ళతో పోల్చాలి. మనం ఒక మార్పుని కొంతమంది యూజర్లకే ఇచ్చి చూస్తాం కదా, అదే పద్ధతి.

అన్నట్టు, అరకు వెళ్ళినప్పుడు రోడ్డు పక్కన నేనూ ఓ ప్యాకెట్ కొన్నా. మీద అరకు అని పెద్దక్షరాలు. ఏ ఊరి గింజో ఎక్కడా లేదు. అడగాలని నాకు తోచనేలేదు. అవగాహన లేనిది రైతుకొక్కడికే అనుకోవడం కూడా పొరపాటే. ఈసారి మీరు వెళ్తే ఆ ఒక్క ప్రశ్న అడిగి చూడండి. ఏం జవాబొచ్చిందో నాకూ చెప్పండి.