అమ్మరాని భూమి: లావోణి పట్టా షరతు చరిత్ర

ఆస్తి చేతులు మారినా దానిపై పెట్టిన షరతు కొత్త యజమానినీ కట్టడి చేస్తుందన్న సూత్రానికి ఇంగ్లండులో 1848 నాటి టల్క్–మాక్సే తీర్పు పునాది వేసింది. లండన్‌లోని లెస్టర్ స్క్వేర్ తోటలో కట్టడాలు లేవరాదన్న ఒప్పందం, అది తెలిసీ కొన్నవాడికి కూడా వర్తిస్తుందని న్యాయస్థానం తేల్చింది. తెలంగాణలోని పాలమూరు సీమలో ఇలాంటి షరతు ఇళ్ల వెంచర్లతో కాక, పేదలకు ప్రభుత్వం పంచిన భూములతో వేళ్లూనింది.

గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు 1949లో జాగీర్ల రద్దుతో దివానీ, అంటే నేరుగా ప్రభుత్వ, పాలనలో కలిశాక, ప్రభుత్వ భూమిని సాగుకిస్తూ రాసే లావోణి పట్టా ఇక్కడి నిరుపేదకు ఆధారమైంది. 1958 జూలై 25 నాటి 1406వ జీవో, ఇలా ఇచ్చిన భూమిని అన్యాక్రాంతం చేయరాదని, అంటే అమ్మడం, దానమివ్వడం వంటివి కుదరవని నిర్దేశించింది. ఆస్తి బదిలీ చట్టం పదో సెక్షన్ ప్రకారం అమ్మకాన్ని పూర్తిగా అడ్డుకునే షరతు చెల్లదు. అయితే 1895 నాటి ప్రభుత్వ గ్రాంటుల చట్టం సర్కారు ఇచ్చే భూమిని ఆ నియమం నుంచి మినహాయించింది.

షరతు కాగితం మీద ఉన్నా, పెళ్లికో జబ్బుకో డబ్బు అవసరమైన రైతు సాదాబైనామాతో, అంటే రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితపు ఒప్పందంతో, భూమిని వదులుకునేవాడు. అలా పహాణీ అనే భూమి రికార్డులో పట్టాదారు గడిలో ఒకరి పేరు, అనుభవదారు గడిలో మరొకరి పేరు కనిపించే స్థితి వచ్చింది. దీన్ని సరిదిద్దడానికే 1977లో అసైన్డ్, అంటే ప్రభుత్వం పంచిన, భూముల బదిలీ నిషేధ చట్టం (9వ చట్టం) వచ్చింది. నిషేధాన్ని మీరిన అమ్మకం చెల్లదని, అధికారులు ఆ భూమిని స్వాధీనం చేసుకొని మొదటి లబ్ధిదారుకో వారసులకో తిరిగి ఇవ్వాలని, మళ్లీ అమ్మితే సర్కారే తీసుకోవచ్చని అది చెప్పింది. బ్యాంకులకు, సహకార సంఘాలకు తాకట్టు పెట్టడాన్ని మాత్రం మినహాయించింది. తర్వాతి సవరణలతో ఇళ్ల స్థలాలూ దీని కిందికి వచ్చాయి.

తాకట్టుకు ఇచ్చిన మినహాయింపులోనే చట్టంలోని న్యాయదృష్టి ఉంది. అప్పు సకాలంలో అందిన పేద భూమిని నిలుపుకుంటాడు. అందని పేద నష్టానికైనా అమ్ముకుంటాడు, నిషేధం వల్ల అతడికి దక్కే ధర మరింత పడిపోతుంది. కాబట్టి షరతు అమలుకు తహసీల్దారు నోటీసు ఎంత అవసరమో, గ్రామంలో అప్పు పుట్టే దారి కూడా అంతే అవసరం.