మాస్టార్లు కాపాడిన అడవి

పోయిన జూన్‌లో మా బడి పర్యావరణ సంఘానికి తొమ్మిదో తరగతి తరఫున నన్ను ఎన్నుకున్నారు. ప్రార్థన సమయంలో అయిదు నిమిషాలు అడవుల గురించి మాట్లాడాలి. ఇంట్లో నిలబడి అభ్యాసం చేస్తున్నాను. "ఆనకట్టలు కట్టి అడవులను ముంచరాదు" అని నేను గట్టిగా చదువుతుంటే, మంచం మీద పడుకున్న మా తాత లేచి కూర్చున్నాడు.

"ఆనకట్ట వద్దంటే కరెంటు ఎట్ల వస్తుందమ్మా?" అని అడిగినాడు.

మాది హోసూరు పక్కన పల్లె. కరెంటు ఎప్పుడొస్తుందా అని బావి దగ్గర మోటారు పక్కనే ఎన్నో రాత్రులు పడుకున్న మనిషి మా తాత. ఆయన అడిగింది ఎగతాళికి కాదు. నాకు జవాబు తోచలేదు. మరుసటి రోజు మా సైన్స్ టీచరును అడిగితే, "సైలెంట్ వ్యాలీ చరిత్ర చదువు. అక్కడ కూడా జనం ఇదే ప్రశ్న అడిగారు" అన్నారు. అట్లా చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

సైలెంట్ వ్యాలీ అంటే మౌనలోయ. కేరళలో పాలక్కాడు జిల్లాలో, నీలగిరి కొండలను ఆనుకొని ఉంది. అక్కడివాళ్ళు దాన్ని సైరంధ్రీవనం అంటారు. సైరంధ్రి అంటే మన భారతంలో విరాటుని కొలువులో ద్రౌపది పెట్టుకున్న పేరే. ఆ లోయ నడుమ పారే నది పేరు కుంతి. అది ఏడాది పొడవునా పచ్చగా ఉండే వర్షారణ్యం. సింహపుతోక కోతి అనే అరుదైన కోతి అక్కడ ఉంటుంది. నల్లని ఒళ్ళు, ముఖం చుట్టూ తెల్లని జూలు. అది నేల మీదికి దిగడం తక్కువ. కొమ్మ నుంచి కొమ్మకు పోతూ, కులీనియా అనే చెట్టు పూలు, గింజలు తిని బతుకుతుంది. నడుమ చెట్లు పోతే దాని దారి తెగిపోయినట్టే.

ఆ కుంతి నది మీద ఆనకట్ట కట్టి 120 మెగావాట్ల విద్యుత్తు తీయాలని కేరళ విద్యుత్ బోర్డు అనుకుంది. 1973లో ప్రణాళికా సంఘం ఒప్పుకుంది. కట్టి ఉంటే సుమారు 830 హెక్టార్లు నీటిలో మునిగేవి. అయితే ప్రాజెక్టు కావాలన్నవాళ్ళ మాటను కూడా మనం వినాలి. కేరళలో ఉత్తర భాగమైన మలబారు అప్పుడు వెనుకబడి ఉంది. పాలక్కాడు, మలప్పురం జిల్లాల్లో సుమారు 10,000 హెక్టార్లకు సాగునీరు, పనిలేనివాళ్ళకు పని, ఇళ్ళకు కరెంటు వస్తాయని వాళ్ళు ఆశపడ్డారు. కోతుల కోసం మనుషులు చీకట్లో ఉండాలా అని కోపపడ్డారు. మా తాత అక్కడ పుట్టి ఉంటే ఆయన కూడా వాళ్ళ పక్కనే ఉండేవాడేమో!

వద్దన్నవాళ్ళలో ముందు నిలిచింది కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు. ఇది 1962లో మొదలైంది. సైన్స్‌ను జనానికి వాళ్ళ మాతృభాష మలయాళంలో చెప్పాలని కొందరు రచయితలు, అధ్యాపకులు పెట్టుకున్న సంస్థ ఇది. ఇందులో పనిచేసినవాళ్ళలో చాలామంది బడి పంతుళ్ళు, కాలేజీ అధ్యాపకులు. జీతం కోసం కాదు, పదవి కోసం కాదు, సెలవు రోజుల్లో సొంత ఖర్చుతో ఊరూరా తిరిగినవాళ్ళు. వృక్షశాస్త్ర అధ్యాపకుడు ఎం. కె. ప్రసాద్ ఈ అడవి విలువ గురించి పరిషత్తు పత్రికలో మలయాళంలో రాశారు. వర్షారణ్యం అంటే ఏమిటో, అది నీటిని ఎట్లా పట్టి ఉంచుతుందో మామూలు మనుషులకు అప్పుడు అర్థమయింది.

మొదట్లో పరిషత్తులో కూడా అందరిదీ ఒకే మాట కాదు. ఇంజనీర్లయిన సభ్యులు కొందరు కరెంటు కావాలి కదా అన్నారు. అందుకని వాళ్ళు ఊరికే కేకలు వేయలేదు, లెక్క చేశారు. వృక్షశాస్త్రం, ఇంజనీరింగు, ఆర్థికశాస్త్రం తెలిసినవాళ్ళు కలిసి కూర్చుని 1979లో ఒక నివేదిక తయారు చేశారు. ఇడుక్కి జలవిద్యుత్ కేంద్రం అప్పటికే 1976లో మొదలయింది, కేరళ పక్క రాష్ట్రాలకు కరెంటు అమ్ముతోంది. ఈ ఒక్క ప్రాజెక్టు లేనంత మాత్రాన రాష్ట్రం చీకటి కాదు, కరెంటుకూ సాగునీటికీ వేరే దారులున్నాయి, ఈ అడవి పోతే మాత్రం మళ్ళీ రాదు అని వాళ్ళు చూపించారు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

తరువాత కవులు కూడా వచ్చారు. కవయిత్రి సుగతకుమారి రాసిన చెట్టు స్తుతి సభల్లో ప్రార్థన పాట అయింది. వైకం ముహమ్మద్ బషీర్, ఓ.ఎన్.వి. కురుప్ వంటి పెద్ద రచయితలు తోడు నిలిచారు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ అడవిని కాపాడమని కోరారు. మన తమిళనాడు కుంభకోణంలో పుట్టిన ఎం. ఎస్. స్వామినాథన్ ఆ లోయను చూసి, ప్రాజెక్టు మానాలని సలహా ఇచ్చారు.

అయినా గెలుపు సులభంగా రాలేదు. ప్రధాని మొరార్జీ దేశాయ్ కాలంలో పనులకు అనుమతి వచ్చింది. మాట కోర్టు దాకా పోయింది. 1980లో ఇందిరా గాంధీ మళ్ళీ ప్రధాని అయ్యాక పనులు ఆపమన్నారు. ఎం. జి. కె. మేనన్ అధ్యక్షతన ఒక కమిటీ అన్నీ పరిశీలించింది. 1983లో ప్రాజెక్టును వదులుకున్నారు. 1984లో 89.52 చదరపు కిలోమీటర్ల అడవిని జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. 1985 సెప్టెంబరు 7న రాజీవ్ గాంధీ దాన్ని ప్రారంభించారు.

కథ అక్కడితో అయిపోలేదు. 2001 తరువాత అదే నది మీద, ఇంకొంచెం కింద పాత్రక్కడవు దగ్గర మరో ఆనకట్ట ప్రతిపాదన వచ్చింది. మళ్ళీ జనం కాదన్నారు. 2007లో కేరళ ప్రభుత్వం ఉద్యానం చుట్టూ సుమారు 148 చదరపు కిలోమీటర్లను రక్షణ వలయంగా ఒప్పుకుంది.

ఇదంతా నేను తాతకు రెండు సాయంత్రాలు చెప్పినాను. ఆయన చదివింది మూడో తరగతి. జీవవైవిధ్యం అనే మాట ఆయనకు తెలియదు. అందుకని "కోతికి దారి తెగిపోతుంది, నదికి నీళ్ళు తగ్గిపోతాయి" అని మన ఇంటి మాటల్లో చెప్పినాను. ఆయన అంతా విని, "లెక్క చూపించి అడిగినారు. అది సరే. కరెంటుకు వేరే దారి చెప్పకుండా ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు" అన్నాడు.

తెలుగులో చదివితే ఏం లాభం అని చుట్టాలు నన్ను ఎన్నోసార్లు అడిగారు. నేను ఊరికే తల వంచుకునేదాన్ని. ఇప్పుడు ఆ మలయాళ మాస్టార్లను తలచుకుంటాను. మాతృభాషలో సైన్స్ చెప్పబట్టే కదా, ఊళ్ళలో జనం వాళ్ళ మాట విన్నారు!

నా ప్రసంగంలో మొదటి వాక్యం కొట్టేశాను. "ఆనకట్టలు కట్టరాదు" అనే బదులు, "కట్టే ముందు అందరం కలిసి లెక్క చూద్దాం" అని రాసుకున్నాను. ప్రార్థనలో అదే చదివాను. వచ్చే ఏడు సంఘంలో చేరే చెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మీ ప్రసంగం బడిలో చదివే ముందు ఇంట్లో పెద్దవాళ్ళకు వినిపించండి. వాళ్ళు అడిగే ప్రశ్నకు జవాబు దొరికేదాకా వెతకండి.