పుట్టని సోమలింగానికి రెక్కలు

మోండా మార్కెట్ అంటే మనకేం గుర్తొస్తుంది? కొత్తిమీర కట్టలు, స్టీలు గిన్నెలు, గాజులు, పండగ ముందు ఊపిరాడని జనం. అక్కడ విమానానికి కావలసిన సరుకులు కూడా దొరుకుతాయని మా మేనల్లుడి పుణ్యమా అని తెలిసింది. నేను వంకాయలు బేరమాడుతుంటే వాడు రంపం బ్లేడు, పుట్టీ డబ్బా, గరుకు కాగితం కొనుక్కుంటాడు.

వాడి సరదా ఏమిటంటారా? ప్లాస్టిక్ విమానాల కిట్లు తెప్పిస్తాడు. అట్టపెట్టె మీది బొమ్మలా చెయ్యడు. కాగితం మీద గీసి వదిలేసిన విమానాన్ని, ఎన్నడూ ఎగరనిదాన్ని, ఆ ముక్కలతో తయారుచేస్తాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

పని మాత్రం మనకు తెలియనిదేం కాదు. పొట్టైపోయిన పరికిణీకి అతుకేసి పొడుగు చెయ్యమూ? వాడూ అంతే. విమానం పొట్టను మధ్యకి కోసి, రెండో కిట్‌లోంచి ఒక ముక్క తెచ్చి అతికిస్తాడు. రెక్కలొక దానివి, ఇంజన్లు మరొక దానివి. అతుకు కనబడకుండా పుట్టీ పూసి గరుకు కాగితంతో రుద్దుతాడు. కొలత తప్పితే అంతా వృథా. 72వ వంతు లెక్కలో ఆరడుగుల మనిషి అంగుళం ఎత్తుంటాడు మరి.

వాడి మోజంతా టర్బోప్రాప్ విమానాల మీద. లోపల జెట్ ఇంజన్ లాంటిదే ఉంటుంది కానీ, దాని బలం చాలావరకు ప్రొపెల్లర్‌ని తిప్పడానికే పోతుంది. ఆ రకంలో వికర్స్ వైకౌంట్ 1950లో లండన్, పారిస్ మధ్య మొదటిసారి ప్రయాణికుల్ని తీసుకెళ్ళింది. 1957లో మన ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కీ వచ్చింది.

ఇప్పుడు వాడి బల్లమీద ఉన్నది బ్రిస్టల్ బ్రబజాన్. రెక్క చివర నుంచి రెక్క చివరకి 230 అడుగులు. వందమంది ప్రయాణికుల కోసం తలపెట్టిన విమానం. మొదటిది పాత రకం పిస్టన్ ఇంజన్లతో 1949 సెప్టెంబరు 4న ఎగిరింది. రెండోదానికి టర్బోప్రాప్ ఇంజన్లు పెడదామనుకున్నారు. అది పూర్తి కాకుండానే 1953లో రెండింటినీ తుక్కు కింద విరగ్గొట్టేశారు. కొనేవాళ్ళే దొరకలేదు.

అంతవరకైతే సరే అనుకోవచ్చు. కానీ ఆ విమానం పరిగెత్తే బాట చాలదని ఇంగ్లండులో చార్ల్‌టన్ అనే పల్లెను నేలమట్టం చేశారు! వాకిళ్ళు, పొయ్యిలు, పెరళ్ళు వదిలి ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకుని వేరేచోటికి వెళ్ళారు. విమానం పోయింది, ఊరు తిరిగి రాలేదు.

చిత్రమేమిటంటే అదే 1953లో, ఆగస్టులో, మన బేగంపేటలో కూడా ఒక కథ ముగిసింది. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. డకోటాలు నడిపింది కానీ టర్బోప్రాప్ ఎక్కే యోగం దానికి పట్టలేదు. ఆ తరవాత మన దేశమూ సొంతంగా కలలు కంది. బెంగుళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ తలపెట్టిన డెబ్భై సీట్ల టర్బోప్రాప్ ఆర్.టి.ఎ.-70 ఏళ్ళ తరబడి కాగితం దాటలేదు. అదే సంస్థ చేసిన చిన్న విమానం సరస్ 2004 మే 29న ఎగిరింది. 2009లో రెండో సరస్ కూలి ముగ్గురు ప్రాణాలు పోయాయి.

"అత్తా, బ్రబజాన్ మీద డెక్కన్ ఎయిర్‌వేస్ అని రాయనా? బేగంపేటలో దిగినట్టు!" అన్నాడు మావాడు.

"రాయరా, నాకేం అభ్యంతరం?" అన్నాను. లేని మనుషుల్ని ఉన్న వీధుల్లో నడిపించి నవలలు రాసుకునేదాన్ని, నేనెలా కాదంటాను? అయితే ఒక్క షరతు పెట్టాను. పక్కన చిన్న అట్ట ఉండాలి. ఇది ఎన్నడూ పూర్తికాని విమానమనీ, ఈ కంపెనీ దీన్ని నడపలేదనీ, దీని కోసం చార్ల్‌టన్ అనే ఊరు పోయిందనీ అందులో రాయాలి.

కల కనడం తప్పు కాదు. దాని కోసం ఎవరి పొయ్యి ఆరిందో కూడా రాసిపెడితేనే అది చరిత్ర అవుతుంది. ఆ మూడో వాక్యం రాయడానికి మావాడికి అట్ట చాలలేదు. పెద్దది కొనుక్కోమని డబ్బులిచ్చాను.