అమావాస్య ప్రయాణం

"అదిగో బాబాయ్, వచ్చింది" అంటోంది బుజ్జి.

నాకేమీ కనపడటం లేదు. ఉత్తరం దిక్కున, కొండల అంచుకు జానెడు పైన, బూడిద రంగు చార ఒకటి. కట్టెల పొయ్యి పొగ పెంకుల మీదుగా పోతూ పోతూ అక్కడే ఆగిపోయినట్టుంది.

"మబ్బులే" అంటాను.

"మబ్బయితే దాని వెనక చుక్కలు కనపడతాయా? నొక్కు."

నొక్కి, లోలోపల నాలుగు లెక్కపెడతాను. కెమెరా వెనక తెర వెలుగుతుంది. చార ఉండాల్సిన చోట పచ్చదనం. అచ్చం నారుమడి పచ్చ. తలెత్తి చూస్తే మళ్లీ బూడిదే. ఇన్నేళ్లు ఫొటోల్లో ఉత్తర కాంతులను చూసి మురిసిపోయానే, ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు. మసక వెలుతురులో మన కంటికి రంగులు తెలియవు. కెమెరాకు ఆ ఇబ్బంది లేదు. నాలుగు సెకన్ల వెలుతురును పోగేసి ఒక్కసారే కుమ్మరిస్తుంది.

రాత్రి తొమ్మిదిన్నర. మైనస్ 18 డిగ్రీలు. మేం నిలబడింది నేల మీద కాదు, స్వీడన్ ఉత్తర కొసన అబిస్కో దగ్గర, టోర్నెట్రెస్క్ సరస్సు మీద. 70 కిలోమీటర్ల పొడవున్న ఈ చెరువంతా గడ్డకట్టి ఉంది. పగలు దీని మీద స్నోమొబైళ్లు తిరిగాయి. అయినా అడుగున గడ్డ ఎక్కడో బిగుసుకుని డుమ్మని మోగినప్పుడల్లా నా గుండె జారుతోంది. బుజ్జి తల కూడా తిప్పదు. మా అన్నయ్య కూతురు ఇది, స్టాక్‌హోంలో ఉద్యోగం. ఈ యాత్రకు పెద్ద ఇదే. నేను మోతగాణ్ణి.

ముహూర్తం పెట్టిన రోజు గుర్తొచ్చి నవ్వొస్తుంది. నాయుడుపేటలో మా అమ్మ గోడ మీది క్యాలెండర్ ముందు నిలబడి, "ఫాల్గుణ అమావాస్య రోజుల్లో ప్రయాణమేమిట్రా, బుద్ధుందా?" అంది. ఫోన్లోంచి బుజ్జి, "నాయనమ్మా, మాకు కావాల్సింది అమావాస్యే" అంది. వెన్నెల ఉంటే సన్నటి కాంతి దానిలో కలిసిపోతుంది. పైగా మార్చి, సెప్టెంబరు నెలల్లో, పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల చుట్టుపక్కల, సూర్యుడి నుంచి వచ్చే గాలి భూమి అయస్కాంత క్షేత్రంతో తేలిగ్గా ముడిపడుతుందట. అమ్మ ఇవేవీ వినలేదు. "ఉగాది పచ్చడి తినకుండా పోతారన్నమాట" అని ఊరుకుంది. వీసా, బీమా, టికెట్ల గోల అందరికీ తెలిసిందే, వదిలేద్దాం.

చోటు ఎంచుకోవడంలో మాత్రం పది రోజులు పోట్లాడుకున్నాం. నేను నార్వేలోని ట్రోమ్సో అన్నాను, పేరు విని ఉన్నాను గనక. బుజ్జి ఒప్పుకోలేదు. అది సముద్రపుటొడ్డు, మబ్బు పట్టిందంటే బస్సెక్కి రాత్రంతా ఖాళీ ఆకాశం వెతుక్కుంటూ తిరగాలి. ఇక్కడికొచ్చే తడిగాలిని పడమటి కొండలు ముందే పిండేస్తాయి. పశ్చిమ కనుమల చాటున అనంతపురం ఎండినట్టు, ఈ కొండల చాటున అబిస్కో ఎండుతుంది. స్వీడన్‌లో అతి తక్కువ వాన పడే చోట్లలో ఇదొకటి. ఆర్కిటిక్ వలయం దాటి ఇంకా దాదాపు 200 కిలోమీటర్లు పైకి వచ్చాం. ఉత్తర కాంతులు కిరీటంలా చుట్టుకునే పట్టీ మామూలు రోజుల్లోనే ఇక్కడి నెత్తి మీదుగా పోతుంది. కాబట్టి ఇక్కడ పెద్ద సౌర తుఫాను రానక్కర్లేదు, మబ్బు లేకపోతే చాలు. అదీ నమ్మకం లేక ఐదు రాత్రులు ఉండేలా గది తీసుకుంది. మొదటి రెండు రాత్రులూ మంచే కురిసింది. ఇది మూడోది.

"నీ లెన్సు మీద అదేమిటి?" బుజ్జి గొంతు మారింది.

"ఫిల్టరు. గీతలు పడకుండా."

"తీసెయ్, ముందు తీసెయ్!"

ఈ పచ్చ వెలుగు దాదాపు ఒకే తరంగదైర్ఘ్యానిది, 557.7 నానోమీటర్లు, ఆక్సిజన్ పరమాణువులు విడిచేది. ఆ గాజుపలక రెండు చదునైన ముఖాల మధ్య అది అటూ ఇటూ తగిలి ఫొటో నడుమ గుండ్రటి వలయాలు వేస్తుందట. తెరను పెద్దది చేసి చూస్తే నిజమే, చెరువులో రాయి వేసినట్టు అలలు. తీద్దామంటే మెలికలు బిగుసుకుపోయాయి. తొడుగు విప్పి వట్టి వేళ్లతో తిప్పాను. అర నిమిషంలో వేళ్లు నావి కాకుండా పోయాయి. బుజ్జి విసుక్కుంటూనే వేడి పొట్లం ఒకటి నా అరచేతిలో పెట్టింది. అలాంటిదే ఇంకోటి రబ్బరు బ్యాండుతో లెన్సుకు కట్టింది, మంచు పట్టకుండా.

ఫోకస్ సంగతి పగలే తేల్చి చెప్పింది. లెన్సు మీది అనంతం గుర్తును నమ్మొద్దు, ఓ పెద్ద చుక్కను తెర మీద పదింతలు చేసి, అది సూదిమొన అయ్యేదాకా చేత్తో తిప్పి, కదలకుండా టేపు వెయ్యి. 20 మిల్లీమీటర్ల లెన్సు, 1.8 దగ్గర పూర్తిగా తెరిచి, ఐఎస్ఓ 3200. రెండు బ్యాటరీలు చొక్కా లోపల ఒంటికి ఆనించి ఉన్నాయి. చలికి సగం ఛార్జి ఉన్న బ్యాటరీ కూడా చచ్చినట్టు నటిస్తుంది, ఒంటి వేడి తగిలితే లేచి కూర్చుంటుంది.

బూడిద చార ఎప్పుడో చెరిగిపోయింది. చూస్తూ నిలబడ్డాం.

బుజ్జి ఎర్ర దీపం కింద ఫోన్ చూస్తోంది. "బీజడ్ దక్షిణానికి తిరిగింది. గాలి సెకనుకు 500 కిలోమీటర్లు. ఇంకో 50 నిమిషాలు."

సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరాన, ఎల్1 అనే చోట ఒక అమెరికా వాహనం కాపలా కాస్తుంటుంది. సౌర పవనం తోడు తెచ్చే అయస్కాంత క్షేత్రపు ఉత్తర దక్షిణ వాలే ఈ బీజడ్. అది దక్షిణానికి వాలిందంటే భూమి తలుపు తీసినట్టే. ఆ కబురు రేడియోలో ముందొస్తుంది, గాలి వెనక నడిచొస్తుంది. మన ఆదిత్య ఎల్1 కూడా ఆ పొరుగునే ఉంది. 2023 సెప్టెంబరు 2న అది శ్రీహరికోట నుంచి లేస్తుంటే అమ్మ డాబా ఎక్కి చూసింది. పొగ తోక ఆకాశంలో వంకరలు పోయేదాకా నిలబడి, "సూర్యుడి దగ్గరికి పగలు పోతే కాలిపోదూ?" అని తన జోకుకు తనే నవ్వుకుంది.

50 నిమిషాలు. కాళ్లు గడ్డకేసి కొట్టుకుంటూ తిరుగుతున్నాను. ధ్రువ నక్షత్రం కోసం అలవాటుగా ఉత్తరాన కొండల దగ్గర వెతికాను, దొరకలేదు. మా ఊళ్లో అది కొబ్బరి చెట్ల తలల మధ్య ఉంటుంది. ఇక్కడ మెడ విరిగేలా తల వెనక్కి వంచితే, దాదాపు నడినెత్తిన ఉంది. ఇంత దూరం వచ్చానన్న సంగతి విమానంలో తెలియలేదు, రైల్లో తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

చలికి ఊరికే ఈల వేయబోతే బుజ్జి ఆపింది. ఇక్కడి సామి ప్రజల్లో పెద్దలు ఈ కాంతుల కింద ఈల వెయ్యనివ్వరట, దిగొచ్చి ఎత్తుకుపోతాయని. మా ఇంట్లో రాత్రి ఈల వేస్తే పాములొస్తాయనేవారు. ఏ దేశమైనా పిల్లల నోళ్లు మూయించడానికి పెద్దలకు ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇక్కడికి ఈశాన్యంగా, నార్వేలోని ఆల్టా దగ్గర, 1892 జనవరిలో మార్టిన్ బ్రెండెల్ అనే జర్మన్ తొలిసారి ఈ కాంతిని ఫొటోలో పట్టాడు. ఆ తర్వాత 1910లో కార్ల్ స్టోర్మర్ అదే ప్రాంతంలో రెండు చోట్ల కెమెరాలు పెట్టి, టెలిఫోన్‌లో మాట్లాడుకుంటూ ఒకే క్షణాన నొక్కించాడు. రెండు ఫొటోల్లోనూ చుక్కల మధ్య ఆ కాంతి ఎంత జరిగిందో కొలిచి, ఎత్తు లెక్కగట్టాడు. కింది అంచే 100 కిలోమీటర్ల పైన ఉంటుంది. వేడి పొట్లాలూ డిజిటల్ తెరలూ లేని రోజుల్లో, గాజు పలకలతో. నా వేళ్ల గురించి ఇక నోరెత్తకూడదనుకున్నాను.

"బాబాయ్."

ఈసారి కెమెరా అక్కర్లేకపోయింది. తూర్పు నుంచి పడమర దాకా దండెం మీద గంజి పెట్టిన చీర ఆరేసినట్టు పచ్చటి పట్టీ. దాని మడతలు ఒక కొస నుంచి కదలడం మొదలుపెట్టాయి. మెల్లగా కాదు. ఎవరో అంచు పట్టుకుని విదిలించినట్టు. కింది అంచున గులాబీ రంగు పరుగెత్తింది, అది నైట్రోజన్. చీర చిరిగి, పోగులు నిలువునా సాగి, అన్నీ నడినెత్తిన ఒక్క చోటికి చేరి గొడుగులా విచ్చుకున్నాయి. మంచు పచ్చబడింది. బుజ్జి మొహం పచ్చబడింది. శబ్దం మాత్రం లేదు. అంత పెద్ద గందరగోళానికి చప్పుడుండాలని చెవులు రిక్కించుకుని ఎదురుచూస్తున్నాయి.

"షట్టర్ తగ్గించావా? ఒక సెకను!"

తగ్గించలేదు. నాలుగు సెకన్లలో ఈ మడతలన్నీ కలిసి పులిసిన పెరుగులా అయిపోతాయని మధ్యాహ్నం రెండుసార్లు చెప్పింది. తడుముకుని తిప్పాను. నొక్కాను. ఏ వైపుకు పెట్టానో తెలియదు. తర్వాత షట్టర్ నొక్కే తీగ మీట చేతిలోంచి జారిపోతే వెతకలేదు.

ఐదు నిమిషాలుండొచ్చు. ఆకాశమంతా మసక మచ్చలు మిగిలి, వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. మా ఊళ్లో తెల్లవారుజామున మూడున్నర దాటింది, అమ్మ లేచే వేళ. వీడియో కాల్ చేసి ఫోన్ పైకెత్తాను.

"ఏదీ, అంతా చీకటేగా?" అంది. ఫోన్ నా వైపు తిరిగింది. "మీసాలకు ఆ తెల్లనిదేమిట్రా? మంకీ క్యాప్ ఏదీ?"

గది గుమ్మం దగ్గర బుజ్జి నన్ను ఆపింది. బయటే, చలిలోనే, కెమెరాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి గాలి చొరకుండా మూయించింది. లేకపోతే లోపలి వేడికి అద్దాల నిండా చెమట పడుతుంది. సంచిని బల్ల మీద పెట్టి, టీ పెట్టుకుని, ఎదురుగా కూర్చున్నాం. సంచి బయట సన్నటి తడి పేరుకుంటోంది. పొద్దున దాకా విప్పకూడదు.

"మెమరీ కార్డు ముందే తీశావు కదా?" అంది బుజ్జి.

నేను టీ ఊదుకుంటున్నాను.