పురుగును చంపని పట్టు

పెళ్లిచీర కొనడానికి ఏలూరో తాడేపల్లిగూడెమో వెళ్తాం. జరీ చూస్తాం, అంచు చూస్తాం, బేరమాడతాం. పురుగు సంగతి అడగం. 1990ల మొదట్లో ఆ మాట అడిగినావిడ అప్పటి రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ సతీమణి జానకీ వెంకట్రామన్. పురుగును చంపకుండా నేసిన పట్టుచీర దొరుకుతుందా అని. చేనేత రంగంలో ప్రభుత్వోద్యోగిగా ఉన్న కుసుమ రాజయ్యను ఆ ప్రశ్న పట్టుకుంది.

దొరకదు మరి. సీతాకోక బయటికి రాకముందే గూళ్లకు ఆవిరి పట్టించి లోపలి ప్రాణం తీస్తారు. అప్పుడే వేడినీళ్లలో నానిన గూటి నుంచి దాదాపు కిలోమీటరు పోగు తెగకుండా వస్తుంది.

చంపకుండా వదిలేస్తే? లోపల సీతాకోక సిద్ధమవుతుంది. కొరికే పళ్లు లేవు. నోటి దగ్గర నుంచి ఒక ద్రవం ఊరుతుంది, ఎదురుగా ఉన్న గోడ తడుస్తుంది, మెత్తబడుతుంది. అది తలతో తోసుకుంటూ బయటపడుతుంది. అడవి పట్టుపురుగుల్లో ఈ ద్రవం గుట్టును 1964లో హార్వర్డ్‌లో ఫోటిస్ కాఫటోస్, కారల్ విలియమ్స్ విప్పారు. అందులోది కొకూనేజ్ అనే ఎంజైము. పట్టుపోగు అంటే ఫైబ్రాయిన్ తీగలు రెండు, వాటిని అంటించి ఉంచే సెరిసిన్ జిగురు. మల్బరీ పట్టు బరువులో సుమారు నాలుగో వంతు ఈ జిగురే. కొకూనేజ్ లైసిన్, ఆర్జినిన్ ఉన్నచోట తెంపుతుంది. ఫైబ్రాయిన్‌లో అవి బహు అరుదు. అందుకే జిగురు కరుగుతుంది, పట్టు మిగులుతుంది.

మిగిలిన గూటికి కన్నం ఉంటుంది, పోగులు చెదిరి ఉంటాయి. దారం తీయడం కుదరదు. రాజయ్య దారి మార్చారు: సీతాకోక వెళ్లేదాకా ఆగడం, జిగురు ఉడికించి తీయడం, మిగిలిన పీచును పత్తిలా వడకడం. 2006లో పేటెంటు వచ్చింది. పేరు అహింసా పట్టు.

మెరుపు కాస్త తక్కువ. పొట్టి పీచుల కొసలు పైకి లేచి వెలుగును చెదరగొడతాయి. ధర ఎక్కువ. వేల ఏళ్లుగా మనం పెంచుకున్న ఆ సీతాకోక ఎగరలేదు, తినదు, కొన్నాళ్లే బతుకుతుంది, నిజమే. అయినా ఆవిరిలో ఉడికిపోవడం వేరు, గుడ్లు పెట్టి ఆయువు తీరి పోవడం వేరు.

ఈసారి చీర కొనేటప్పుడు కొట్టువాణ్ని అడగండి: ఇది తీసిన పట్టా, వడికిన పట్టా?